నా నోటితో చూడి కట్టిన బర్రె

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలతో రెండు మాటలు మాట్లాడమని ఈ మధ్య నన్ను పిలిచారు. రిటైరయిన వాళ్లను అలా పిలుస్తుంటారు. శాలువా కప్పుతారు, మనం ముప్పావు గంట మాట్లాడతాం, వాళ్లు పది నిమిషాలు వింటారు. ఆ రోజు నేను మొదలుపెట్టే ముందు వాళ్లనే అడిగాను, ఈ చదువుకు ఎందుకు వచ్చారని. ముందు వరుసలో ఉన్న అమ్మాయి లేచి "మూగజీవాల మీద ప్రేమతో సార్" అంది. పక్కనున్న అబ్బాయీ అదే అన్నాడు. అలా ఆరుగురి దాకా మూగజీవాల మీద ప్రేమే నడిచింది. ఏడో అబ్బాయి మాత్రం లేచి, "మనుషుల డాక్టరు సీటు రాలేదు సార్" అని కూర్చున్నాడు. హాలంతా నవ్వింది. నా భుజాల మీది శాలువా తీసి వాడికి కప్పాలనిపించింది.

నేను వచ్చిందీ ఆ దారినే. ర్యాంకు కొంచెంలో తప్పింది. మా నాన్న ఊళ్లో "మావాడు డాక్టరు చదువుతున్నాడు" అని చెప్పేవాడు, ఎవరి డాక్టరో చెప్పేవాడు కాదు. నేనూ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో ఇంటి ముందు బోర్డు చూసి జ్వరాల వాళ్లు వస్తే, నిజం చెప్పి పంపించింది నా భార్య. నేను లోపలి గదిలో ఉండేవాణ్ని.

అందుకే ఆ పిల్లలకు ఆ రోజు చెప్పకుండా దాటేసిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఇది నా గొప్ప కాదు. నేను చేసిన తప్పు, దాన్ని కప్పిపుచ్చడానికి చేసిన మరిన్ని తప్పుల కథ.

ఉద్యోగంలో మొదటి ఐదారేళ్లు ఊళ్లలో పనిచేశాను. తర్వాత హనుమకొండలో ఆఫీసు పని దొరికింది. ఏడాదికని డిప్యుటేషన్ మీద వెళ్లినవాణ్ని ఇరవై రెండేళ్లు కదల్లేదు. పశువు అన్న మాటను రోజుకు వందసార్లు రాసేవాణ్ని. పశువును చూసేది మాత్రం అది నా స్కూటరుకు అడ్డం వచ్చినప్పుడే. చివరికి ఒక కొత్త అధికారి వచ్చి, కుర్చీలకు అతుక్కుపోయిన మమ్మల్నందరినీ పేరుపేరునా ఊడబెరికి పంపించాడు. నాకు నర్సంపేట దాటాక ఒక ఊరి పశువుల దవాఖాన వచ్చింది. అప్పటికి నాకు యాభై నాలుగు.

ఆ దవాఖానలో ఒక అటెండర్ ఉండేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ చాచా అనేవారు. నేను మాత్రం పేరు పెట్టి పిలిచేవాణ్ని, ఆఫీసు అలవాటు. మొదటి రోజు నా చేతుల వంక ఒకసారి చూసి, "సార్, భుజం దాక వచ్చే గ్లౌజులు మస్తుగున్నయి. ఫికర్ లేదు" అన్నాడు.

"నువ్వు చూస్తుండు. నాకు రిజిస్టర్ల పని చాలా ఉంది" అన్నాను.

ఆ ఏర్పాటు ఇద్దరికీ బాగానే కుదిరింది. పశువులు బయట, నేను లోపల. చాచా చెయ్యి కడుక్కుంటూ కిటికీలోంచి చెప్పేవాడు, నేను రాసేవాణ్ని. అలా నాలుగైదు నెలలు గడిచాయి.

ఇంతలో ఊరి హైస్కూలు హెడ్మాస్టరు వచ్చాడు. పదో తరగతి తర్వాత ఏం చదవాలో పిల్లలకు చెప్పే కార్యక్రమం పెట్టామని, పశువైద్యం గురించి నన్ను మాట్లాడమని. కొత్తవాడలో నేసిన జంపఖానా పరిచిన వేదిక మీద కూర్చుని, మూగజీవాల వేదన చిన్నప్పుడే నన్ను ఎలా కదిలించిందో చెప్పాను. ఒక లేగదూడ కథ కూడా చెప్పాను. ఆ లేగదూడ అప్పటికప్పుడు పుట్టింది.

చప్పట్లు అయ్యాక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె చెయ్యెత్తింది. "సార్, బర్రెకు చూడి ఉన్నదా లేదా అని మీరు చెయ్యి వెట్టి చూస్తరా?"

"చూస్తాను. ఎందుకు చూడను?"

"మా తాత అంటాండు సార్, కొత్త సారు రాసుడే గని ముట్టుడు లేదట."

పిల్లలు నవ్వారు. హెడ్మాస్టరు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. నేను లేచి నిలబడి, "ఎల్లుండి మీ బడి పక్కనే పశువుల శిబిరం ఉంది. అందరూ వచ్చి చూడండి" అన్నాను. వేదికలెక్కి మాట్లాడే వాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే. చప్పట్లు అయిపోగానే దిగిపోవాలి. ప్రశ్నలకు ఆగకూడదు.

శిబిరం రోజు పిల్లలు వరుసగా వచ్చారు. ఆ పిల్ల తాత కూడా కర్ర పట్టుకుని ముందు నిలబడ్డాడు. మొదట వచ్చిన బర్రెను ఇనుప చట్రంలో నిలబెట్టారు. దాని పలుపు ఒకామె తన మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని పట్టుకుంది. యాభై ఏళ్లుంటాయి. పక్కన ఆమె భర్త.

"రెండేండ్ల సంది కడతలేదు డాక్టర్ సాబ్" అన్నాడు భర్త. "పాలు లేవు, దూడ లేదు. గడ్డి మాత్రం తింటాంది. ఇయ్యాల తేలాలె. చూడి లేకుంటే అంగడికే."

వట్టిపోయిన బర్రె అంగడికి పోతే మళ్లీ ఏ పాకలోనూ కనబడదు. అది అక్కడున్న పిల్లలకు కూడా తెలుసు. ఆమె నా వంక చూసి, "నా చేతుల పుట్టింది సారూ. దీని తల్లి పాలతోనే నా పిల్లలు పెరిగిన్రు. జర మంచిగ చూడు" అంది.

నేను గ్లౌజు తొడుక్కుంటుంటే చాచా దగ్గరికి వచ్చాడు. "సార్, జరసేపు ఆగుదాం. పొద్దటి సంది కట్టేసే ఉన్నది, ఇంకా..."

"నాకు తెలుసు" అన్నాను.

తెలియని పని చేయబోయేటప్పుడు నాకు తెలుసు అనడం నాకు బాగా అలవాటు.

పేడ దారి గుండా చెయ్యి లోపలికి పెట్టి, పేగు గోడకు ఆ పక్కనున్న గర్భసంచిని తడిమి చూడాలి. ఇరవై రెండేళ్ల తర్వాత నా చెయ్యి ఆ చీకట్లోకి వెళ్లింది. వెళ్లగానే దొరికింది. మెత్తగా, నిండుగా, నీళ్లు నింపిన పెద్ద బుడగలా. నాకు ఒళ్లు పులకరించింది. పిల్లలకు వినబడేటట్టు "చూడి! నాలుగు నెలలు!" అని అరిచాను.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె బర్రె మెడ కావలించుకుంది. భర్త తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఎవరో సెల్‌ఫోనులో ఫొటో తీశారు. నేను చెయ్యి బయటికి తీశాను. అప్పుడు బర్రె తోక ఎత్తింది.

అది ఎంతసేపు పోసిందంటే, ముందు వరుస పిల్లలు వెనక్కి పరుగెత్తి, మళ్లీ ముందుకొచ్చి, మళ్లీ వెనక్కి పరుగెత్తారు. ఆగిందనుకుంటే మళ్లీ మొదలైంది. అంతా అయ్యాక చాచా నా పక్కన నిలబడి, ఆకాశం వంక చూస్తూ మెల్లిగా అన్నాడు:

"సార్, మీ నాలుగు నెలలు పోయినయి."

మూత్రసంచి నిండితే చేతికి చూడిలాగే తగులుతుంది. అందుకే పశువు పోసేదాకా ఆగి చూడాలి. మొదటి ఏడాది విద్యార్థికి కూడా చెప్పే మాట. చాచా నాకు చెప్పబోయింది అదే. మళ్లీ చెయ్యి పెడితే రెండు నిమిషాల పని. "పొరపాటు పడ్డాను" అంటే అరనిమిషం. కానీ ఎదురుగా ఆ పిల్ల ఉంది, పిల్ల తాత ఉన్నాడు, కొబ్బరికాయ కొట్టడానికి రాయి వెతుకుతున్న ఆ తల్లి ఉంది.

"తర్వాతి పశువును తీసుకురండి" అన్నాను.

ఆ సాయంత్రం దవాఖానలో చాచా గ్లౌజులు కడిగి ఆరేస్తూ మాట ఎత్తాడు. "సార్, అది మూగ ఎద బర్రె. ఎదకొస్తది గని అరవది, ఎగరది, బయటికి తెల్వనియ్యది. ఇంటోళ్లు కనిపెట్టుకోని ఉంటే దొరుకుతది. మీరు చూడి అన్నంక ఎవ్వలు కనిపెడ్తరు? ఇప్పుడు చెప్తే ఇలాజ్ చేద్దుము."

"చెబితే అంగడికి తోలేస్తాడుగా. నా మాట వల్లే కదా అది బతికుంది?"

నిజంగానే అలా అనుకున్నాను. తప్పు చేసినవాడికి తాను ఎవరినో కాపాడానన్న ఆలోచన ఎంత తొందరగా వస్తుందో చూడండి.

"ఎన్ని నెలలు బతుకుతది సార్? పది నెలలయినంక ఏం చెప్తరు?"

"చూద్దాం" అన్నాను. ఆఫీసులో ఇరవై రెండేళ్లు నేను నేర్చుకున్న వైద్యం అదొక్కటే.

తర్వాత జరిగింది నా చేతిలో లేదు. సారు చెయ్యి పెడితే చాలు, నెలలతో సహా చెబుతాడని ఊరంతా పాకింది. ఆమె వారానికోసారి వచ్చి బర్రె సంగతులు చెప్పేది. తౌడు పెడుతున్నానని, మొదటి జున్ను నాకేనని. ఒకరోజు, "పడ్డదూడనా సారూ, దున్ననా?" అని అడిగింది. అది ఎవరూ చెయ్యి పెట్టి చెప్పలేరు. ఆ మాటే చెప్పి ఉండవచ్చు. కానీ ఆమె ముఖంలో ఏది కావాలో కనిపించింది. "పడ్డదూడే కావచ్చు" అన్నాను. మరుసటి వారం దవాఖాన ముందు ఎనిమిది బర్రెలు నిలబడ్డాయి, కడుపులో ఏముందో చెప్పించుకోవడానికి.

చాచా వాటిని లెక్కపెట్టి లోపలికి వచ్చాడు. "సార్, ఒక్క మూత్రసంచికి ఇంత పేరొచ్చింది. ఇంకోటి దొరికితే మిమ్మల్ని ఈడ ఉండనియ్యరు, హైదరాబాద్ తీస్కపోతరు."

బర్రె మాత్రం పాపం బాగా మేసి ఒళ్లు చేసింది. కడుపు దిగిందని ఊళ్లో అందరూ అన్నారు. ఆ పిల్ల తాతయితే లోపల దూడ తన్నడం కళ్లారా చూశానని చెప్పాడట. నన్ను నమ్మని మొదటి మనిషి ఆయన. ఆయనే అలా అన్నాక నాకే అనుమానం వచ్చింది, నిజంగా ఉందేమోనని.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే దవాఖానకు వచ్చింది. కొంగు నడుముకు చుట్టి, ఎండలో నడిచి వచ్చినట్టుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, మా ఆయన బర్రెను అమ్ముతాండు. పాలంపేట దిక్కు నుంచి ఎవ్వడో వచ్చిండు. ఆరు నెలల చూడి బర్రె అంటే ఎగిరి కొంటనన్నడు. రేపు వచ్చి నీతోటి చూపిచ్చుకోని తోల్కపోతడట."

"మరి... నువ్వేమంటావు అక్కా?"

"నేనేమంట? నా మాట వింటాండా? నువ్వు చెప్పాలె." ఆమె బల్ల మీద రెండు చేతులు ఆనించి వంగింది. "చూడి లేదని చెప్పు సారూ."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నా కోసం ఒక్క అబద్ధమాడు. చూడి లేదంటే వాడు పోతడు. బర్రె నాకుంటది. నీ కాళ్లు మొక్కుత."

ఇక్కడ నేను నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నా బుర్రలో ఒక దీపం వెలిగింది. నిజం చెప్పవచ్చు, పైగా అది నా మంచితనం కింద చెల్లుతుంది. పేరు పోదు. తప్పు ఒప్పుకునే పని లేదు. నేను కళ్లు మూసుకుని, నుదురు రుద్దుకుని, చాలా కష్టపడుతున్నట్టు ఊపిరి వదిలాను.

"నా ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి పని చేయలేదు అక్కా. సరే. నీ కోసం."

ఆమె కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. మందుల అలమారు దగ్గర నిలబడ్డ చాచా తలుపు మూసి ఇటు తిరిగాడు.

"ఇరవై తొమ్మిదేండ్ల నౌకరిల మస్తుమందిని చూసిన సార్. నిజం చెప్పనీకి ఇంత యాక్టింగ్ చేసెటోన్ని మిమ్మల్నే చూస్తాన."

మర్నాడు కొనేవాడి ముందు, బర్రె పోసేదాకా ఆగి, జాగ్రత్తగా చెయ్యి పెట్టి చూశాను. గర్భసంచి ఖాళీ. "చూడి లేదు" అని చెప్పాను. పాలంపేట వైపు రైతు తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని నవ్వు దాచుకుంది.

భర్త నా ముందుకొచ్చాడు. "పిల్లల ముంగట నాలుగు నెలలంటివి కద?"

"ఒక్కోసారి... నిలవదు. పోతుంది."

ఇది ఇంకో అబద్ధం. దీన్ని ఎవరూ అడగలేదు, నేనే ఉచితంగా ఇచ్చాను.

"అట్లనా?" అన్నాడు. "అయితే కడుపు నిలువని బర్రె నాకెందుకు? బుధవారం అంగడికి తోల్కపోత."

ఆ మాట విన్నాక కూడా సోమవారం దాకా నోరు మెదపలేదు. సోమవారం పొద్దున ఆమె నవ్వుతూనే వచ్చింది. చేతిలో పెరుగు గిన్నె, పక్కింటి నుంచి అడిగి తెచ్చిందట.

"ఆయన నిజంగనే అంగడికంటాండు సారూ. ఇగ ఆట చాలు. మొన్న నా కోసం అబద్ధమాడితివి, ఇయ్యాల నా కోసం నిజం చెప్పు. ఆరు నెలలున్నదని మా ఆయనకు చెప్పు. నేనే చెప్పిపిచ్చిన్నని తిడ్తె తిడ్తడు, పడ్త."

నేను చాచా వంక చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఈసారి జోకు లేదు.

"అక్కా, చూడి లేదు."

ఆమె కన్ను కొట్టింది. "ఎవ్వలు లేరు సారూ, మనమే ఉన్నం."

"నిజంగా లేదు. మొన్న చెప్పింది అబద్ధం కాదు. ముందు చెప్పిందే తప్పు."

"చాల్తియ్. మా ఆయన గిట్ల బయట ఉన్నడా?" తలుపు దాకా వెళ్లి తొంగి చూసి వచ్చింది. "లేడు. ఇగ చెప్పు."

నేను మూత్రసంచి గురించి చెప్పాను. ఆ రోజే తెలుసని చెప్పాను. పడ్డదూడ సంగతి కూడా నోటికొచ్చిందని చెప్పాను. ఆమె వింటూ నవ్వుతూనే ఉంది. ఇంత మంచి మనిషి తన కోసం అబద్ధాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడో చూడు అన్నట్టు. జీవితంలో మొదటిసారి నిజం చెబుతుంటే నమ్మడానికి మనిషి దొరకలేదు.

చివరికి చాచా ఒక గ్లౌజు తీసి ఆమె చేతికిచ్చాడు. "చెల్లే, మా మాట ఎందుకు? నువ్వే చూసుకో. నడువు, ఇంటికి పోదాం."

వాళ్ల పాక దగ్గర భర్త ఉన్నాడు. ఏం జరుగుతుందో అర్థం కాక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె భుజం దాకా గ్లౌజు తొడుక్కుని, సబ్బు నీళ్లు రాసుకుని, నేను చెప్పినట్టు మెల్లిగా చెయ్యి పెట్టింది. ఒక్క నిమిషం అయ్యాక ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఉన్నది! ఇగో, నిండు బిందె లెక్క ఉన్నది! అబద్ధాల సారూ!"

"చెయ్యి అట్లనే ఉంచు చెల్లే" అన్నాడు చాచా. బర్రె వెనక కూర్చుని, పోసే చోట కింద మెల్లిమెల్లిగా నిమరసాగాడు. అలా నిమిరితే పోస్తుంది. కాసేపటికి బర్రె తోక పక్కకు పెట్టింది. పోస్తూనే ఉంది. మేమంతా ఆమె ముఖమే చూస్తున్నాం. ఆమె చేతి కింది బిందె కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి ఏమీ లేకుండా పోయింది. లోపల ఇంకా వెతికింది. అటూ ఇటూ వెతికింది.

చెయ్యి తీసి, గ్లౌజు విప్పి, గడ్డివాము పక్కన కూర్చుంది.

"పేరు గుడ వెట్టిన సారూ" అంది.

భర్త నవ్వాడు. "ఉచ్చకు పేరు వెట్టినవానే?" అని ఇంకా ఏదో అనబోయి, ఆమె వంక చూసి ఆగిపోయాడు. ఆమె ఏడవలేదు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి వెళ్లి బర్రె ముందు తౌడు నీళ్ల గోలెం పెట్టింది, రోజూ పెట్టినట్టే.

"అన్నా" అన్నాను భర్తతో. అంతకు ముందు నేనెవరినీ అక్కడ అన్నా అని పిలవలేదు. "తప్పు నాది. బర్రెలో లోపం లేదు. రెండు ఎదలు గడవనియ్యి. నా మాట మీద..."

"నీ మాట మీదనా?" అన్నాడు.

"ఆయన మాట మీద గాదు" అన్నాడు చాచా చేతులు కడుక్కుంటూ. "నా మాట మీద ఆపు. రెండుసార్లకు కట్టకుంటే నేనే అంగడికి తోల్కపోత."

భర్త బర్రె చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "సరే. గని డాక్టర్ సాబ్ రోజు పొద్దుగాల వచ్చి బర్రెను కనిపెట్టుకోవాలె. నేను పత్తి చేన్లకు పోతాన, నాతోటి కాదు."

ఆ వారమే బడికి కూడా వెళ్లాను. ఈసారి వేదిక ఎక్కలేదు, తొమ్మిదో తరగతి గదిలో నిలబడి చెప్పాను. శిబిరంలో చెప్పింది తప్పని, ఆ రోజే తెలిసినా దాచానని, లేగదూడ కూడా అబద్ధమని. ఆ పిల్లే లేచింది.

"మాకు గప్పుడే తెల్సు సార్. బర్రె పోసినంక చాచా మొఖం చూసినం కద."

ఇంత పెద్ద రహస్యాన్ని రెండు నెలలు నాకు తెలియకుండా కాపాడినందుకు వాళ్లకు కృతజ్ఞతలు చెప్పాను.

అప్పటి నుంచి తెల్లవారగానే ఆ పాక దగ్గర ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో నా డ్యూటీ. బర్రె లేచిందా, ఎలా నిలబడింది, మేత వదిలిందా, ఎదకొచ్చిన గుర్తుగా తీగలాంటి జిగురు వేసిందా అని చూడటం. మూగ ఎద బర్రె చెప్పేదంతా ఆ కొంచెంసేపట్లోనే, ఆ చల్లటి వేళలోనే చెబుతుంది. దారిన పోయేవాళ్లు, "ఏం సారూ, బర్రె రిజిస్టర్ల సంతకం వెట్టిందా?" అని అడిగేవారు. ఆమె మొదటి పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు చాయ్ గ్లాసు తెచ్చి కుర్చీ పక్కన నేల మీద పెట్టి వెళ్లింది.

చాచా కూడా కొన్నాళ్లు వచ్చేవాడు. ఒక పొద్దున అడిగాను, "చాచా, నువ్వు ఈ కొలువులోకి ఎందుకొచ్చావు?" అప్పటికి పేరు పెట్టి పిలవడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు.

"నా మొదటి నౌకరి మనుషుల దవాఖానల సార్. ఆడ ఒక్క పేషెంటు తరఫున పదిమంది మాట్లాడ్తరు. ఒకడు కడుపు నొప్పంటడు, ఒకడు గాలి సోకిందంటడు. పేషెంటుకు గుడ తెల్వది ఏది నిజమో. తర్వాత ఈడికేసిన్రు. ఈడ ఎవ్వలు మాట్లాడరు. మనమే చెయ్యి వెట్టి తెల్సుకోవాలె. మొదటిసారి తెల్సుకున్న నాడు ఇంటికి పోయి అన్నం ఎక్కువ తిన్న."

నాకు మూగజీవాల మీద ప్రేమ ఆ కుర్చీలో పుట్టిందని రాస్తే ఇది మళ్లీ ఆ లేగదూడ కథే అవుతుంది. పుట్టింది ప్రేమ కాదు, కుతూహలం. ఈ పశువు లోపల ఇప్పుడు ఏం జరుగుతోంది, నాకు తెలుస్తుందా లేదా అన్నది. యాభై నాలుగేళ్లకు పుట్టింది. మీకు ఇరవైకే పుడితే అదృష్టవంతులు. సీటు రాక వచ్చారా, ప్రేమతో వచ్చారా అన్నది పశువు అడగదు.

మొదటిసారి సూది మందు ఇచ్చి, ఎద దొరికించుకుని, కృత్రిమ గర్భధారణ చేశాం. నిలవలేదు. ఇరవై ఒకటో రోజు తెల్లవారుజామున బర్రె మళ్లీ తీగ వేసింది. అది మొదట చూసింది నేనే. పాలేరులా పరుగెత్తి చాచాకు ఫోన్ చేశాను. ఆ పూటే రెండోసారి గర్భధారణ చేశాం. భర్త ఒప్పుకున్న రెండింట్లో ఆఖరిది.

ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులు చూశాం. నలభై రెండు రోజులు చూశాం. బర్రె ఏమీ చెప్పలేదు. మూగ ఎద బర్రె ఏమీ చెప్పకపోవడంలో చూడీ ఉండవచ్చు, ఏమీ లేకపోవచ్చు. అడిగిన వాళ్లకు ఏమీ తెలియదన్నాను. ఆ మాట అనడం మొదట్లో కష్టంగా ఉండేది, తర్వాత హాయిగా ఉంది.

మూడున్నర నెలలు నిండాక చాచా, నేను వెళ్లాం. భర్త చేనుకు పోయాడు. బర్రె పోసేదాకా ముగ్గురం ఆగాం. నేను గ్లౌజు తీయబోతే ఆమె లాక్కుంది.

"మీరిద్దరు జరగుండ్రి" అంది. "ఒకసారి మీ మాట విన్న. ఈసారి నేనే చూస్త."

చెయ్యి పెట్టింది. మేం పక్కకు నిలబడ్డాం. ఆమె ముఖంలో ఏమీ కనబడలేదు. క్రితంసారి వెలిగినట్టు వెలగలేదు. చాలాసేపు కదలకుండా ఉంది. చాచా నోరు తెరవబోతే నేను చేత్తో వారించాను.

"నీళ్లల్ల ఏదో ఉన్నది" అంది చివరికి, మాకు కాదు, తనకు తానే చెప్పుకున్నట్టు. "వేలుతోటి నూకితే అటు పోతాంది. మల్ల ఇటొచ్చి తగుల్తాంది. గట్టిగున్నది."

నేను గ్లౌజు తొడుక్కుని చూశాను. నూకితే అటు పోయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. మళ్లీ వచ్చి నా వేళ్లకు తగిలింది. చెయ్యి తీయబుద్ధి కాలేదు. చాచా చూశాడు. గ్లౌజు విప్పుతూ ఆమె వంక చూసి తల ఊపాడు, అంతే.

అప్పటికే గోడ అవతల ఇద్దరు ముగ్గురు ఆగారు. "ఏమాయె సారూ? ఉన్నదా?" అని అరిచారు. నేను నోరు తెరిచాను. ఆమె తడి చెయ్యి అడ్డం పెట్టింది.

"పాలంపేటోడు మల్లొస్తడు. ఈనేదాక ఎవ్వలకు చెప్పకు సారూ."